పేరు వేరు, సంకేతం వేరు – డచ్, జపనీస్ భాషల గుర్తింపు సంకేతాలు

లోకంలోని ప్రతి వస్తువుకూ పేరు ఉన్నట్లే ప్రతి భాషకూ పేరు ఉంది. అయితే భాషల పేర్లకు ఒక విచిత్ర లక్షణం ఉంది. ఒక భాషను మాట్లాడేవారు దానిని ఒక పేరుతో పిలుచుకొంటే, ఇరుగుపొరుగువారు మరొక పేరుతోనూ, సముద్రాల ఆవలివారు ఇంకొక పేరుతోనూ వ్యవహరిస్తారు. మన భాషకే తెలుగు, తెనుగు, ఆంధ్రం అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ఐరోపావారు ఒకప్పుడు దీనిని ‘జెంటూ’ అన్నారు. 1816లో మద్రాసులో అచ్చయిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం తన శీర్షికలోనే, ఈ భాషను సాధారణంగా జెంటూ అంటారని పేర్కొన్నది.

మనుషులు మాట్లాడుకొనేటప్పుడు ఈ పేర్ల వైవిధ్యం వల్ల పెద్ద ఇబ్బంది కలగదు. సందర్భాన్నిబట్టి అర్థం తెలిసిపోతుంది. కాని లక్షలాది పుస్తకాలున్న గ్రంథాలయంలోనైనా, కోట్లాది పుటలను వడపోసే కంప్యూటరులోనైనా ఒకే భాష పది పేర్లతో నమోదైతే వెదికేవానికి వస్తువు దొరకదు. ఈ చిక్కును తొలగించడానికి ఏర్పడినవే భాషా సంకేతాలు. భాష పేరుకు బదులుగా రోమన్ లిపిలో రెండు లేక మూడు చిన్న అక్షరాలను వాడాలనీ, ప్రపంచమంతటా అవే వాడాలనీ చేసుకొన్న ఒడంబడికే ఈ సంకేతాలకు మూలం. డచ్, జపనీస్ భాషల సంకేతాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే ఈ ఒడంబడిక స్వభావం, దాని ప్రయోజనం, దాని పరిమితి చక్కగా బోధపడతాయి.

ప్రమాణం రూపొందిన తీరు

వివిధ దేశాల పారిశ్రామిక, శాస్త్రీయ ప్రమాణాలను సమన్వయపరచడానికి 1947లో అంతర్జాతీయ ప్రామాణీకరణ సంస్థ ఏర్పడింది. దీనినే ఐ.ఎస్.ఓ. అంటారు. ఈ సంస్థ 1967లో భాషల గుర్తులకు సంబంధించి 639 అనే సంఖ్యతో ఒక సిఫారసును వెలువరించింది. 1988లో అది రెండక్షరాల సంకేతాల ప్రమాణంగా రూపుదిద్దుకొన్నది. ఆంగ్ల వర్ణమాలలోని 26 అక్షరాలను ఇద్దరిద్దరిగా జతచేస్తే ఏర్పడేవి 676 జతలు మాత్రమే. లోకంలోని భాషలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత 1998లో మూడక్షరాల సంకేతాల పట్టిక వెలువడింది. మూడక్షరాల కూర్పులు 17,576 వరకు సాధ్యం కనుక స్థలానికి కొదవ లేకపోయింది. 2007లో వచ్చిన మరొక భాగం ఏడు వేలకు పైగా భాషలకు మూడక్షరాల సంకేతాలు సమకూర్చింది. వేరు వేరు సంవత్సరాలలో వెలువడిన ఈ భాగాలను 2023లో ఒకే ప్రమాణంగా కలిపివేశారు.

ఈ పట్టికలలో రెండు భాషల స్థానం ఇలా ఉంది:

డచ్ – రెండక్షరాల సంకేతం ‘ఎన్.ఎల్.’, మూడక్షరాల సంకేతాలు ‘ఎన్.ఎల్.డి.’, ‘డి.యు.టి.’

జపనీస్ – రెండక్షరాల సంకేతం ‘జె.ఎ.’, మూడక్షరాల సంకేతం ‘జె.పి.ఎన్.’

తెలుగు – రెండక్షరాల సంకేతం ‘టి.ఇ.’, మూడక్షరాల సంకేతం ‘టి.ఇ.ఎల్.’

జపనీస్ భాషకూ, తెలుగుకూ ఒక్కొక్క మూడక్షరాల సంకేతమే ఉండగా డచ్ భాషకు రెండున్నాయి. ఈ తేడా అచ్చుతప్పు కాదు. దాని వెనుక కొంత చరిత్ర ఉంది.

డచ్: ఒక భాషకు రెండు సంకేతాలు

డచ్ భాషను మాట్లాడేవారు తమ భాషను డచ్ అని పిలుచుకోరు. వారికది ‘నేడర్‌లాండ్స్’. పల్లపు నేలల భాష అని దాని అర్థం. నెదర్లాండ్స్ అనే దేశనామం కూడా ఆ అర్థంలో ఏర్పడినదే. ‘డచ్’ అనేది ఆంగ్లేయులు పెట్టిన పేరు. ప్రజలకు చెందినది అనే అర్థంగల ఒక ప్రాచీన పదం నుండి ఇది పుట్టింది. జర్మన్లు తమ భాషకు పెట్టుకొన్న ‘డాయిచ్’ అనే పేరు కూడా ఆ పదం నుండి వచ్చినదే. పూర్వం ఆంగ్లేయులు జర్మన్ మాట్లాడేవారిని కూడా డచ్‌వారనే అనేవారు. అమెరికాలో నేటికీ ‘పెన్సిల్వేనియా డచ్’ అనే పేరుతో చలామణి అవుతున్న భాష నిజానికి జర్మన్ శాఖకు చెందినది. అందుకే దానికి డచ్ సంకేతాలు కాక ‘పి.డి.సి.’ అనే వేరొక సంకేతం ఉంది. పేరును నమ్ముకొంటే ఎటువంటి పొరపాటు జరుగుతుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

1960ల చివరి సంవత్సరాలలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన గ్రంథసూచికలను కంప్యూటరులోకి ఎక్కించడానికి ‘మార్క్’ అనే పద్ధతిని రూపొందించింది. ఆ పద్ధతిలో భాషల సంకేతాలు చాలావరకు ఆంగ్లనామాల నుండి తీసుకొన్నారు. డచ్‌కు ‘డి.యు.టి.’ అలా వచ్చింది. మరొకవైపు పారిభాషిక పదకోశాలను తయారుచేసే పండితులు భాషల సొంత పేర్లకు ప్రాధాన్యం ఇచ్చారు. వారి దృష్టిలో నేడర్‌లాండ్స్‌కు ‘ఎన్.ఎల్.డి.’ సమంజసం. 1998 నాటి పట్టికను సిద్ధం చేసేటప్పుడు ఈ రెండు సంప్రదాయాలు ఎదురుపడ్డాయి. గ్రంథాలయాలలో అప్పటికే లక్షల కొలదీ పత్రాలపై ‘డి.యు.టి.’ అని నమోదై ఉంది. వాటన్నింటినీ తిరగరాయడం అసాధ్యం. అలాగని పరాయి పేరునే శాశ్వతం చేయడం భాషావేత్తలకు సమ్మతం కాదు. చివరకు రెండింటినీ ఉంచి, ఒకటి గ్రంథాలయ వినియోగానికి, మరొకటి పరిభాషా వినియోగానికి అని విభజించారు. ఆ తరువాత వచ్చిన ఏడు వేల భాషల పట్టిక మాత్రం ‘ఎన్.ఎల్.డి.’నే స్వీకరించింది.

ఇటువంటి జంట సంకేతాలు గల భాషలు మొత్తం 20. జర్మన్, ఫ్రెంచి, చైనీస్, గ్రీకు, పారసీకం, వెల్ష్, టిబెటన్, బర్మీస్ మొదలైనవి వీటిలో ఉన్నాయి. ఈ భాషలలో చాలావాటికి సొంత పేరు ఒకటి, ఆంగ్లనామం మరొకటి. తెలుగుకు ఈ సమస్య తలెత్తకపోవడానికి కారణం స్పష్టమే. ప్రమాణాలు ఏర్పడేనాటికి జెంటూ అనే పేరు మరుగునపడి, మనం పిలుచుకొనే పేరే ప్రపంచమంతటా స్థిరపడింది.

జపనీస్: ఒకే మూలానికి రెండు ఉచ్చారణలు

జపనీయులు తమ దేశాన్ని ‘నిహోన్’ లేక ‘నిప్పోన్’ అనీ, తమ భాషను ‘నిహోన్‌గో’ అనీ అంటారు. ఆ పేరును చైనా నుండి వచ్చిన రెండు అక్షరాలతో రాస్తారు. సూర్యుడు ఉదయించే తావు అని వాటి భావం. ఆ రెండు అక్షరాలనే చైనీయులు తమ ఉచ్చారణతో పలికారు. ఆ ఉచ్చారణ ఆగ్నేయాసియా రేవుల మీదుగా ఐరోపా వర్తకుల చెవినపడి ‘జపాన్’గా మారింది. కాబట్టి నిహోన్, జపాన్ అనే పేర్లు వినడానికి ఎంత భిన్నంగా ఉన్నా వాటి మూలం ఒక్కటే. నేడర్‌లాండ్స్, డచ్ అనే పేర్లకు అటువంటి బంధుత్వం లేదు.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. భాష సొంత పేరునే అనుసరించాలనే నియమం ఉంటే జపనీస్ సంకేతం ‘ఎన్’ అనే అక్షరంతో మొదలుకావాలి. అలా జరగలేదు. రెండక్షరాల పట్టికలోనూ, మూడక్షరాల పట్టికలోనూ దానికి విదేశీ నామమే ఆధారమైంది. రెండు సంప్రదాయాలవారూ ఒకే సంకేతానికి అంగీకరించినందువల్ల జంట సంకేతం అవసరం కలగలేదు. డచ్‌కు రెండక్షరాలలో సొంత పేరు, జపనీస్‌కు పరాయి పేరు ఆధారం కావడాన్ని చూస్తే, సంకేతం భాషకు ఇచ్చే బిరుదు కాదనీ, అది కేవలం నలుగురూ ఒప్పుకొన్న గుర్తు మాత్రమేననీ తేలుతుంది. గుర్తుకు అందం ఎంత ఉందన్నది ముఖ్యం కాదు. అందరూ ఒకే గుర్తును వాడుతున్నారా, అది మారకుండా నిలుస్తున్నదా అన్నవే ముఖ్యం.

వలందా నుండి ఒరాందా వరకు

ఈ రెండు భాషల మధ్య చారిత్రక బంధం కూడా ఉంది. 17వ శతాబ్దపు తొలినాళ్లలో డచ్ ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకొన్నారు. తెలుగువారు వారిని ‘వలందులు’ అన్నారు. మచిలీపట్నంలోని వలందపాలెం ఆ జ్ఞాపకాన్ని నేటికీ నిలుపుతున్నది. అదే కంపెనీ వర్తకులు 1641 నుండి జపాన్‌లోని నాగసాకి రేవు పక్కన దేజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపంలో నివసించి వ్యాపారం సాగించారు. 19వ శతాబ్ది మధ్యభాగం వరకు జపాన్‌లో వ్యాపారానికి అనుమతి పొందిన ఐరోపావారు వీరొక్కరే. జపనీయులు వీరి దేశాన్ని ‘ఒరాందా’ అన్నారు. తెలుగువారి వలందా, జపనీయుల ఒరాందా రెండూ హాలండ్ అనే పదం పోర్చుగీసుల నోట మారి వచ్చిన రూపాలే. డచ్ భాషకు జపనీస్‌లో నేటికీ ‘ఒరాందా-గో’ అనే పేరే ఉంది.

పాశ్చాత్య వైద్యం, ఖగోళశాస్త్రం వంటి విద్యలను జపాన్ పండితులు డచ్ గ్రంథాల ద్వారా అభ్యసించారు. ఒరాందా అనే మాటలోని నడిమి అక్షరాన్ని తీసుకొని ఆ విద్యకు ‘రంగకు’ అని పేరు పెట్టారు. సుగితా గెంపకు మొదలైన వైద్యులు 1774లో ‘కైతాయ్ షిన్‌షో’ అనే శరీరనిర్మాణ గ్రంథాన్ని ప్రచురించారు. జర్మన్ వైద్యుడు కుల్మస్ రచనకు డచ్‌లో వచ్చిన అనువాదం దానికి ఆధారం. ఈ విధంగా ఒక భాషలో పుట్టి, రెండవ భాష మీదుగా మూడవ భాషను చేరిన గ్రంథాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. మార్క్ పద్ధతిలో ప్రస్తుత ప్రతి భాషకు, మధ్యవర్తి భాషకు, మూలభాషకు వేరువేరుగా సంకేతాలు నమోదు చేసే వీలుంది. జర్మన్ నుండి డచ్ మీదుగా జపనీస్‌కు చేరిన పుస్తకానికి జె.పి.ఎన్., డి.యు.టి., జి.ఇ.ఆర్. అనే మూడు సంకేతాలు చాలు. ఆ తొమ్మిది అక్షరాలలో పుస్తకం చేసిన ప్రయాణమంతా ఇమిడిపోతుంది.

దేశం వేరు, భాష వేరు

భాషా సంకేతాలను వాడేవారు తరచుగా చేసే పొరపాటు దేశ సంకేతాన్ని భాషా సంకేతంగా భావించడం. దేశాలకు ఐ.ఎస్.ఓ. 3166 అనే వేరొక ప్రమాణం ఉంది. ఇది 1974లో మొదట వెలువడింది. అందులో నెదర్లాండ్స్‌కు ‘ఎన్.ఎల్.’, జపాన్‌కు ‘జె.పి.’ ఉన్నాయి. డచ్ విషయంలో భాషా సంకేతం, దేశ సంకేతం ఒకటే కావడం యాదృచ్ఛికంగా సౌకర్యమైంది. దానిని చూసి జపనీస్ భాషకు కూడా ‘జె.పి.’ అని రాసేవారు కనిపిస్తారు. అది తప్పు. భాషా సంకేతాల పట్టికలో ‘జె.పి.’ లేదు. అలాగే ‘జె.ఎ.’ను జావా ద్వీపపు భాషగా పొరబడకూడదు. జావా భాషకు ‘జె.వి.’ అనే సంకేతం ఉంది. మనదేశానికి సంబంధించి కూడా ఇటువంటి ఉదాహరణ ఒకటి ఉంది. ‘ఐ.ఎన్.’ అనేది దేశాల పట్టికలో భారతదేశం. భాషల పట్టికలో మాత్రం ఒకప్పుడు అది ఇండోనేషియా భాష. 1989లో ఆ భాషకు ‘ఐ.డి.’ అనే కొత్త సంకేతం ఇచ్చారు.

దేశాన్నీ భాషనూ వేరుచేయవలసిన అవసరం కేవలం అక్షరాల పట్టింపు కాదు. డచ్ నెదర్లాండ్స్‌లోనే కాక బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలోనూ, దక్షిణ అమెరికాలోని సురినాంలోనూ అధికారభాష. ఫ్లాండర్స్‌వారి భాషను ఫ్లెమిష్ అని కూడా అంటారు. ప్రమాణంలో డచ్, ఫ్లెమిష్ రెండింటినీ ఒకే పద్దులో చేర్చారు. ప్రాంతభేదాన్ని చూపవలసి వచ్చినప్పుడు భాషా సంకేతం తరువాత అడ్డగీత పెట్టి దేశ సంకేతాన్ని జోడిస్తారు. ‘ఎన్.ఎల్.-బి.ఇ.’ అంటే బెల్జియంలో వాడే డచ్. ‘ఎన్.ఎల్.-ఎస్.ఆర్.’ అంటే సురినాంలో వాడే డచ్. తెలుగు వ్యవహారంలో కనిపించే ‘టి.ఇ.-ఐ.ఎన్.’ కూడా ఇదే పద్ధతిలో కూర్చినది.

ఒక భాష అనేక దేశాలలో ఉన్నట్లే ఒక దేశంలో అనేక భాషలు ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్‌లో మాట్లాడే ఫ్రిసియన్ డచ్ కాదు. దానికి ‘ఎఫ్.వై.’ అనే సొంత సంకేతం ఉంది. జపాన్ ఉత్తర భాగంలోని ఐనూ జాతివారి భాషకు ‘ఎ.ఐ.ఎన్.’, దక్షిణాన ఒకినావా ద్వీపంలోని భాషకు ‘ఆర్.వై.యు.’ అనే మూడక్షరాల సంకేతాలున్నాయి. 2009లో యునెస్కో ప్రచురించిన పట్టికలో ఈ రెండు భాషలూ అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిగా నమోదయ్యాయి. ఐనూ పాటను రికార్డు చేసి దానికి జపనీస్ సంకేతం తగిలిస్తే, రేపు ఐనూ భాషకోసం వెదికే విద్యార్థికి ఆ పాట దొరకదు. ఉన్న సంపద కూడా లేనట్లే అవుతుంది. మన ప్రాంతంలోని గోండీ భాషకు రెండక్షరాల సంకేతం లేదు. ‘జి.ఒ.ఎన్.’ అనే మూడక్షరాల సంకేతం మాత్రం ఉంది. గోండీలో సేకరించిన కథను తెలుగు సంకేతంతో భద్రపరిస్తే జరిగే నష్టం కూడా ఇటువంటిదే.

సంకేతం చేసే పని

ఒక పుటలోని భాష ఏదో కంటితో చూసే మనిషికి తెలుస్తుంది కదా, సంకేతం ఎందుకు అనే సందేహం కలుగవచ్చు. చూపులేనివారికి కంప్యూటరు పుటను చదివి వినిపిస్తుంది. ‘డి, ఐ, ఇ’ అనే మూడక్షరాలు ఆంగ్లంలో ‘డై’ అని పలుకుతాయి. చనిపోవడం అని అర్థం. అవే అక్షరాలు డచ్‌లో ‘డీ’ అని పలుకుతాయి. ‘ఆ, అది’ అనే సామాన్యమైన అర్థం. పుటపై ఎన్.ఎల్. సంకేతం ఉంటే చదివే యంత్రం డచ్ ఉచ్చారణను ఎంచుకొంటుంది. లేకుంటే వినేవారికి అర్థంలేని ధ్వనులు మిగులుతాయి. అలాగే డచ్‌లో ‘ఐ, జె’ అనే రెండక్షరాలు కలిసి ఒకే ధ్వనిని సూచిస్తాయి. పదం పెద్ద అక్షరంతో మొదలుకావలసినప్పుడు ఆ రెండింటినీ పెద్దవిగా రాయాలి. ఈ నియమం తెలిసిన సాఫ్ట్‌వేర్ కూడా ముందుగా భాషా సంకేతాన్ని చూసే దానిని పాటిస్తుంది.

జపనీస్ విషయంలో అవసరం మరింత స్పష్టం. చైనీస్, జపనీస్, కొరియన్ రచనలలో ఉమ్మడిగా వాడే చైనా అక్షరాలకు యూనికోడ్ పద్ధతి చాలావరకు ఒకే సంఖ్యను కేటాయించింది. కాని వాటి ఆకృతి దేశాన్నిబట్టి కొద్దిగా మారుతుంది. ఎముక అనే అర్థమిచ్చే అక్షరంలో పైభాగపు చిన్న మూల చైనా ముద్రణలో ఒకవైపు, జపాన్ ముద్రణలో మరొకవైపు తిరిగి ఉంటుంది. కంప్యూటరుకు సంఖ్య ఒక్కటే తెలుసు. ఏ ఆకృతిని చూపాలో నిర్ణయించుకోవడానికి అది జె.ఎ. వంటి సంకేతంపై ఆధారపడుతుంది.

లిపులకు కూడా నాలుగక్షరాల సంకేతాలు ఉన్నాయి. వీటిని భాషా సంకేతానికి జోడించి లిపిని సూచించవచ్చు. జపనీస్‌ను మూడు విధాల అక్షరాలు కలిసిన తన సాధారణ లిపిలో రాశారా, రోమన్ లిపిలో రాశారా అన్నది ఈ విధంగా తెలుస్తుంది. చరవాణిలో చాలామంది తెలుగు సందేశాలను రోమన్ అక్షరాలలో పంపుకొంటారు. అటువంటి రచనను ‘టి.ఇ.’ తరువాత రోమన్ లిపి సంకేతాన్ని చేర్చి గుర్తించవచ్చు. లిపి మారినా భాష తెలుగే కనుక మొదటి రెండక్షరాలు మారవు.

ముగింపు

డచ్ భాషకు మూడక్షరాల సంకేతాలు రెండు ఉన్నందువల్ల దాని గౌరవం పెరగలేదు. జపనీస్ సంకేతం పరాయి పేరు నుండి వచ్చినందువల్ల దాని ప్రతిష్ఠ తగ్గలేదు. భాషకు ప్రాణం పోసేది మాట్లాడేవారి నోరు, రాసేవారి కలం. సంకేతం ఆ భాషలో ఉన్న సంపదను వెదికేవారి చేతికి అందించే తాళంచెవి వంటిది. తాళంచెవి చిన్నదే అయినా అది తారుమారైతే గదిలోని నిధి ఎవరికీ దక్కదు. కనుక కంప్యూటరులో ఒక పుటను సిద్ధం చేసేవారైనా, గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని నమోదు చేసేవారైనా, మారుమూల గూడెంలో ఒక పాటను సేకరించేవారైనా భాషా సంకేతాన్ని సరిచూసుకొని రాయడం తమ బాధ్యతగా భావించాలి. ఆ రెండు మూడు అక్షరాల పట్ల చూపే శ్రద్ధ, ఆ భాష మాట్లాడే ప్రజల పట్ల చూపే శ్రద్ధే అవుతుంది.